కట్టు మార్చని పొద్దు

విశ్రాంతమ్మ రోజూ పొద్దున్నే ఆరు గంటలకు ఆడవాళ్ల వార్డు గుమ్మం దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, లోపలికి అడుగు పెట్టకుండా కాసేపు కళ్లు మూసుకొని నిలబడేది. కొత్తగా చేరిన రోగులు ఆమె ప్రార్థన చేసుకుంటోందనుకొని మాటలు ఆపేవారు. అది సగం ప్రార్థనే. మిగతా సగం వాసన చూడటం. ఫినాయిలు వాసన, ఎవరో తిని మంచం కింద పడేసిన అరటితొక్క వాసన, పసిబిడ్డ కక్కిన పాల వాసన, వానకు ఆరని దుప్పట్ల వాసన, వీటన్నిటినీ ఒక్కొక్కటే పక్కకు జరిపి, అడుగున ఇంకేమన్నా ఉందా అని ముక్కుతో వెతికేది. ఏమీ లేకపోతే "స్తోత్రం" అని మెల్లగా అనుకొని లోపలికి పోయేది. ఉంటే మాత్రం, అది ఏ మంచం దగ్గర ఉందో తేలేదాకా ఎవరు పలకరించినా పలికేది కాదు.

కారేపల్లి దాటి పొలాలు పలచబడి అడవి మొదలయ్యే చోట, బస్సులు ఆగే మలుపులో ఉండేది ఆ మిషన్ దవాఖానా. నలభై మంచాలు, ఒక ఆపరేషన్ గది, ఒక పాత జీపు. ఆ జీపు నడిపే లూకాను పెళ్లి చేసుకొని, ముదిగొండ దగ్గరి పల్లె నుంచి పందొమ్మిదేళ్ల వయసులో ఆ ఆవరణలోకి వచ్చింది విశ్రాంతమ్మ. చదివింది ఐదో తరగతి. మొదటి ఆరేళ్లు వార్డులు ఊడ్చింది. ఒకరోజు పెద్ద డాక్టరమ్మ, ఒక ముసలామె పుండుకు అతుక్కుపోయిన గుడ్డను నర్సు లాగబోతుంటే, ఊడ్చే మనిషి చీపురు పక్కన పెట్టి, "ఆగు సిస్టరమ్మా, గోరెచ్చని నీళ్లతోని నాననియ్యి, అదే ఊడి వస్తది" అనడం విన్నది. మర్నాడే ఆమె చేతికి చీపురు బదులు ఫోర్సెప్సు ఇచ్చింది.

అప్పటినుంచి ఇరవై రెండేళ్లు విశ్రాంతమ్మది అదే పని. ఆమెను అందరూ కట్లమ్మ అనేవారు. గోళ్లు రోజూ తీసుకునేది. కుడి చేతికి గాజులు వేసుకునేది కాదు, చల్లని గాజు పచ్చి పుండుకు తగులుతుందని. తలలో పూలు లేవు, ముఖానికి పౌడరు లేదు. కట్టు విప్పేటప్పుడు రోగిని తప్పకుండా ఒక ప్రశ్న అడిగేది: ఇంటికి పోయినాక మొదట ఏం కూర వండుకుంటవ్? గోంగూరా, రొయ్యపొట్టా అని రోగి తేల్చుకునే లోపల పాత గుడ్డ ఊడి వచ్చేసేది.

ముక్కు సంగతి కూడా పెద్ద డాక్టరమ్మే నేర్పింది. "విశ్రాంతం, మనందరి పేగుల్లో కోట్ల పురుగులు కాపురముంటాయి. గాలి తగలని చోటే వాటి బతుకు. వాటి ఇంట్లో అవి ఉన్నన్నాళ్లు మనకు మేలే. పేగు చిరిగి బయటికొచ్చాయంటే మాత్రం కడుపంతా కుళ్లబెడతాయి. వాటిని ల్యాబుకు పంపితే దారిలో గాలి తగిలి చస్తాయి, ఏమీ లేదని కాగితం వస్తుంది. వాటి వాసన మాత్రం దాగదు. ఆ వాసన పట్టుకోవడానికి నాకు నీ ముక్కు కావాలి" అనేది. డాక్టరమ్మ తెల్లవారగానే వార్డుకు వచ్చి, కట్లు విప్పుతున్నప్పుడు పక్కనే నిలబడేది. విశ్రాంతమ్మ తల పైకెత్తి చూస్తే చాలు, వంగి తనూ వాసన చూసి, సిస్టరుకు మందు చెప్పేది. అంతకుమించి ఇద్దరికీ మాటలు అక్కర్లేకపోయేవి.

పెద్ద డాక్టరమ్మ రిటైరై వెళ్లిపోయాక, రెండువేల మూడులో జస్టిన్ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. మధిర వైపు వాడు. మంచివాడు. ముసలివాళ్లను "అమ్మా", "తాతా" అని పిలుస్తాడు, తన టిఫిను డబ్బాలో ఇడ్లీ మగవాళ్ల వార్డులో దిక్కులేని పెద్దాయనకు ఇచ్చేస్తాడు. అయితే ఆయన రౌండ్లు తొమ్మిదింటికి. కట్లు మార్చేది ఆరున్నరకు. ఆ రెండున్నర గంటల తేడా వల్ల ఏమవుతుందో ఎవరికీ తోచలేదు.

ఆ వానాకాలం ఒక మంగళవారం, రూప్లా అనే లంబాడీ యువకుడు తన భార్య కమ్లిని ఎడ్లబండిలో తెచ్చాడు. అడవి అంచున తండా వాళ్లది. కుడిపక్క కడుపు నొప్పి అని వారం రోజులు ఊళ్లో సూదిమందు వేయించారట. అపెండిక్సు పగిలిపోయింది. డాక్టరు జస్టిన్ ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి, చీము తీసి, పక్కనే చిన్న రంధ్రం పెట్టి రబ్బరు గొట్టం వదిలాడు. మర్నాడు ఆ చీము కొంత దూదిపుల్లతో తీసి సీసాలో పెట్టి, కల్చరు పరీక్షకని లూకా చేతికిచ్చి ఖమ్మం పంపాడు.

గురువారం పొద్దున విశ్రాంతమ్మ గుమ్మం దగ్గర నిలబడగానే తెలిసింది. నాలుగో మంచం.

కమ్లి గోడవైపు తిరిగి, నెత్తి మీదికి ముసుగు లాక్కొని పడుకొని ఉంది. ఆ పక్క మంచం సీతారావమ్మది. పెనుబల్లిలో పెద్ద వ్యవసాయం వాళ్లది. షుగరు వల్ల కాలి మీద పడిన పుండు ఎక్కడా మానక, ఇక్కడ కట్లు బాగా కడతారని ఎవరో చెబితే ఇంత దూరం వచ్చింది.

"ఇదిగో విశ్రాంతమ్మా, నువ్వొచ్చావా తల్లీ. రాత్రి నుంచి ముక్కులో గుడ్డ పెట్టుకొని పడుకున్నాను. చచ్చిన పందికొక్కు ఎక్కడో ఉందేమో చూడు" అంది సీతారావమ్మ.

"పందికొక్కు లేదమ్మగారూ. పుండు."

"మరి ఆ పిల్లను వరండాలో వేయొచ్చు కదా. ఇక్కడ నేను కాఫీ తాగాలా వద్దా?"

"మీ కాలు వచ్చిన మొదటి వారం ఎట్లున్నదో మరిచిపోయిన్రా? అప్పుడు ఈ మంచం మీద పండుకున్నామె ఒక్క మాట అనలేదు."

సీతారావమ్మ కాఫీ గ్లాసు ఎత్తి తాగింది.

విశ్రాంతమ్మ మంచం చుట్టూ తెర లాగింది. కట్టు విప్పింది. గొట్టం పెట్టిన చోటు నుంచి బూడిద రంగు నీరు వస్తోంది. కూర ఏం వండుకుంటవ్ అని అడగబోతే, కమ్లి ఆమె చేయి పట్టుకుంది.

"యాడీ," అంది. వాళ్ల భాషలో అమ్మా అని. "డాక్టరు సాబ్‌కు ఈ వాసన తెల్వనియ్యకు."

"ఎందుకు బిడ్డా?"

"తెలిస్తే పెద్ద దవాఖానాకు తోలుతడు. గాడ మళ్ల కోస్తరు. మా ఊరామెను గట్లనే తోలిన్రు, తిరిగి రాలే. ఇంట్ల నా పిల్ల పాలు మరవలే. ఇంకోటి యాడీ..." ఆ పిల్ల కళ్లలో నీళ్లు నిండాయి. "గంత చదువుకున్నాయన నా మీదికి ఒంగి ముక్కు మూసుకుంటే, నేను బతికి ఎందుకు?"

ఆ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో ఒక మర్యాద ఉంది. డాక్టరు దగ్గరికి పోయే ముందు స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకొని, పుండు ఉంటే శుభ్రంగా కడుక్కొని పోతారు. కడగని పుండు చూపించడం అంటే కాళ్లు కడగని మనిషి దేవుడి గదిలోకి పోయినట్టే. అది రోగాన్ని దాచడం అని ఎవరూ అనుకోరు. విశ్రాంతమ్మ పుట్టింది కూడా ఆ మర్యాదలోనే.

పైగా ఆ గొట్టం ఉన్నంతకాలం కొంచెం వాసన ఉండటం మామూలే, రెండు రోజుల్లో తగ్గుతుందిలే అనుకుంది. మందు కూడా పోతూనే ఉంది కదా.

"తెల్వనియ్య బిడ్డా. నేను చూసుకుంట" అని మాట ఇచ్చింది.

ఆ రోజు కట్టు రెండుసార్లు మార్చింది. రౌండ్లకు పావుగంట ముందు మళ్లీ కొత్త గుడ్డ వేసి, దుప్పటి మార్చి, కిటికీ తెరిచి, అగరుబత్తి వెలిగించింది. తోడుగా ఉంటున్న కమ్లి అత్త, కారేపల్లి అంగట్లో కొన్న పౌడరు డబ్బా తీసి కోడలి మెడకూ చేతులకూ అద్దింది. డాక్టరు జస్టిన్ వచ్చేసరికి నాలుగో మంచం పెళ్లివారి గదిలా ఉంది. తెల్లటి పొడి గుడ్డ చూసి ఆయన ముఖం వెలిగింది.

"బాగుందే. గాయం ఎలా ఉంది, సిస్టర్?"

ప్రమీలారాణి సిస్టరు విశ్రాంతమ్మ వైపు చూసింది. ఇద్దరు నర్సులు నలభై మంచాలు చూసుకోవాలి. కట్ల సంగతి విశ్రాంతమ్మ ఏం చెబితే అదే ఆమె కాగితం మీద రాస్తుంది.

"బాగనే ఉన్నది సిస్టర్," అంది విశ్రాంతమ్మ.

ఆ మూడు మాటలూ ఆమె నోటికి అలవాటైన మాటలే. ఆ రోజు మాత్రం అవి నాలుక మీద చాలాసేపు ఉండిపోయాయి.

శుక్రవారం గొట్టం తీసేశారు. సాయంత్రం కమ్లికి జ్వరం వచ్చింది. శనివారం ఖమ్మం నుంచి కాగితం వచ్చింది. చీములో ఏ సూక్ష్మజీవీ పెరగలేదని ఉంది అందులో. గాయం శుభ్రంగా ఉంది, కాగితం శుభ్రంగా ఉంది. ఆ ఏడాది అడవి పల్లెల్లో ఇంటికొక మలేరియా. జ్వరం దానివల్లేనని అనుకోవడానికి ఏ డాక్టరుకైనా అంతకంటే ఏం కావాలి? డాక్టరు జస్టిన్ పేగుల పురుగులకు ఇస్తున్న మందు సీసా ఆపించి, మలేరియా బిళ్లలు రాశాడు.

"బుధవారం ఇంటికెళ్లిపోవచ్చమ్మా" అన్నాడు.

కమ్లి నవ్వింది. వార్డులో చేరాక అదే మొదటి నవ్వు. రూప్లా డాక్టరు వెనకాలే గుమ్మం దాకా పోయి, ఆయనకు కనపడకుండా ఆయన నడిచిన చోటికి దండం పెట్టాడు. విశ్రాంతమ్మ అది చూసి, పని ఉన్నట్టు తడి గుడ్డలు తీసుకొని బయటికి వెళ్లిపోయింది.

ఆదివారం తెల్లవారి కట్టు విప్పితే పైన పుండు దాదాపు మూసుకుపోయింది. చిన్న రంధ్రం లోంచి ఒకటి రెండు చుక్కలే వస్తున్నాయి. అయితే ఆ చుక్కల వాసన గురువారం నాటి దాని కంటే చిక్కగా ఉంది. పొద్దున్నుంచి నాలుగు సార్లు కడుపు కదిలిందని, జిగురు పోతోందని అత్త చెప్పింది. కమ్లి చెంపలు లోపలికి పోయాయి. కళ్లు మాత్రం బుధవారం వైపే చూస్తున్నాయి. పైన మానింది కాబట్టి లోపలున్నది బయటికి వచ్చే దారి లేదని విశ్రాంతమ్మకు తెలుసు. ఇరవై రెండేళ్లలో ఇలాంటివి మూడు చూసింది. అందులో ఒకామె పేరు ఇప్పటికీ ఆమె ప్రార్థనలో ఉంది.

అయినా ఆ రోజు కూడా కొత్త గుడ్డ వేసింది. అగరుబత్తి వెలిగించింది. మాట ఇచ్చింది కదా.

ఆవరణలోని చర్చిలో ఆ ఉదయం ఆమె వెనక వరుసలో కూర్చుంది. పాట అందరితోపాటు మొదలుపెట్టింది గాని, రెండో చరణం దగ్గర ఆపేసింది. పక్కనున్న ఆడమనిషి పాటల పుస్తకం జరిపి ఇటు పెట్టింది, కళ్లద్దాలు తెచ్చుకోలేదేమో అనుకొని. విశ్రాంతమ్మ ఆ పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం లూకా జీపు కింద పడుకొని ఏదో బిగిస్తుంటే, ఆమె పక్కన పీట వేసుకొని కూర్చుంది.

"ఏమయ్యా, మొన్న నువ్వు ఖమ్మం తీసుకపోయిన సీసా ఎన్నింటికి ఇచ్చినవ్ ల్యాబుల?"

"ఏ సీసా?"

"నాలుగో మంచం పిల్లది."

"అదా. గేటు పడ్డది, మళ్ల టైరు దిగింది. ఇచ్చేటాలకు మూడైంది." లూకా కింది నుంచే చెప్పాడు. "అంగి జేబుల పెట్టుకొని పోయిన, పగలకుంట. ఏందట, రిపోర్టు మంచిగనే వచ్చింది గద?"

"అదే బాధ."

లూకా జీపు కింది నుంచి తల బయటికి పెట్టాడు. ముఖం మీద గ్రీజు. విశ్రాంతమ్మ అంతా చెప్పింది. వాసన, మాట, పౌడరు, సిస్టరుకు చెప్పిన అబద్ధం. లూకా పానా పక్కన పెట్టాడు.

"మాట ఇచ్చినవ్, సరే. ఎవరికిచ్చినవ్? పిల్లకా, పిల్ల కడుపులున్న పురుగులకా?"

"పిల్లకే."

"మరి నాలుగు రోజుల నుంచి దానివల్ల సుఖంగ ఉన్నదెవరు?"

లూకా ఆమె ముఖం చూసి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు. తినలేదని తెలిసి, చేతులు కడుక్కొని, తనే లోపలికి పోయి పళ్లెంలో అన్నం, పప్పు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "తిను. రేపు గట్టిగ నిలబడాలె నువ్వు."

సోమవారం ఆరున్నరకు విశ్రాంతమ్మ నాలుగో మంచం చుట్టూ తెర లాగింది. చేతిలో కట్ల పళ్లెం లేదు. ఖాళీ చేతులతో మంచం అంచున కూర్చుంది.

"బిడ్డా, ఇయ్యాల కట్టు ఇప్పుడు మార్చ. డాక్టరు గారు వచ్చినంక ఆయన ముంగట్నే విప్పుత."

కమ్లికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మాట ఇస్తివి యాడీ."

"ఇచ్చిన. తప్పు చేసిన. నీ కడుపుల చీమున్నది. పైన మూసుకపోయింది గాని లోపల పెరుగుతున్నది. గట్లనే ఇంటికి పోతే..." ఆమె కమ్లి భుజం మీద చేయి వేసింది. "ఆయనకు తెల్వనిద్దాం. నువ్వు ఊఁ అను."

"అన."

"కమ్లీ."

"అన. నువ్వు నా పెయ్యి, నా పుండు అందరికి చూపెడతవ్. నువ్వు యాడివి కాదు." కమ్లి గోడవైపు తిరిగి ముసుగు లాక్కుంది. అత్త అగరుబత్తి వెలిగించడానికి అగ్గిపెట్టె తీసింది. విశ్రాంతమ్మ ఆ చేతి మీద తన చేయి పెట్టి మెల్లగా దించింది.

తొమ్మిదిదాకా ఆ రెండున్నర గంటలు ఆమె ఆ మంచం వదల్లేదు. మిగతా కట్లు ఆ రోజు ప్రమీలారాణి సిస్టరు చేసింది, ఎందుకని అడగకుండానే. వాసన మెల్లగా తెర దాటి వార్డంతా పాకింది. ఇద్దరు ముగ్గురు లేచి వరండాలోకి పోయారు. సీతారావమ్మ కాలు ఎత్తిపెట్టుకొని కూర్చుని ఉంది. ఆమె ఏదో అంటుందని విశ్రాంతమ్మ ఎదురుచూసింది. ఆమె మాత్రం తన మంచం పక్కనున్న చిన్న టేబుల్ ఫ్యాను, ఇంటి నుంచి తెచ్చుకున్నది, దాని మెడ తిప్పి కమ్లి వైపు పెట్టింది.

"జ్వరానికి ఒళ్లు కాలిపోతుంటది పాపం" అంది, ఎవరితోనో అన్నట్టు.

డాక్టరు జస్టిన్ వార్డులోకి రెండు అడుగులు వేసి ఆగాడు. నేరుగా నాలుగో మంచం దగ్గరికి వచ్చాడు. విశ్రాంతమ్మ కట్టు విప్పింది. ఆయన వంగాడు. ముక్కు మూసుకోలేదు. ఇంకా దగ్గరికి వంగి, కళ్లు మూసుకొని, ఒకసారి నిదానంగా ఊపిరి పీల్చాడు.

"ఎప్పటి నుంచి?"

"గురువారం నుంచి అయ్యగారూ."

"గురువారం... నేను రోజూ చూశాను కదా. ఏమీ లేదు."

"మీరొచ్చే ముంగట కడిగి కొత్తది వేసిన. అగరుబత్తి పెట్టిన. బాగనే ఉన్నదని సిస్టరుకు అబద్ధం చెప్పిన. సిస్టరు తప్పేం లేదు. పిల్ల సిగ్గుపడుతున్నదని మాట ఇచ్చిన." ఆమె విప్పిన గుడ్డను ఆయనకు కనపడేట్టు పరిచింది. "ఇగ మీరు ఏం చేస్తరో చెయ్యుండ్రి. ముందు పిల్లను చూడుండ్రి."

ఆయన ఆమె వైపు చూశాడు. కోపం వచ్చింది, అది కనపడింది. పెదవులు బిగించుకొని కాగితం తీసి శనివారం నాటి రిపోర్టు మళ్లీ చదివాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"కడుపు కదులుతోందా?" అని అత్తను అడిగాడు. జిగురు సంగతి విని తల ఊపాడు. "థియేటరు సిద్ధం చేయండి సిస్టర్. ఇప్పుడే. మందు సీసా మళ్లీ మొదలుపెట్టండి." తర్వాత మోకాళ్ల మీద కూర్చొని, ముసుగు పక్కన తల పెట్టి, "అమ్మా కమ్లీ, నిన్ను ఎక్కడికీ పంపను. ఇక్కడే, నేనే చేస్తాను. సరేనా?" అన్నాడు.

ముసుగు కింద తల ఒకసారి ఊగింది.

కటి దగ్గర, పొత్తికడుపు అడుగున, అరలీటరు చీము దాగి ఉంది. ఆపరేషన్ గదిలో విశ్రాంతమ్మ దీపం సరిచేస్తూ పక్కనే నిలబడింది. చీము బయటికి వచ్చినప్పుడు ఆ వాసనకు మత్తుమందు ఇచ్చే ఆయన కూడా తల తిప్పుకున్నాడు. డాక్టరు జస్టిన్ మాత్రం, "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే..." అని ఆగిపోయాడు.

చేతులు కడుక్కునే చోట ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

"పుస్తకంలో చదివాను విశ్రాంతమ్మ గారూ. గాలి తగిలితే చచ్చేవాటిని దూదిపుల్లకు చుట్టి, ఐదారు గంటలు జీపులో తిప్పితే ఏం మిగులుతుంది? కాగితంలో ఏమీ రాలేదంటే ఏమీ లేదనుకున్నాను. నా ముక్కు నేను ఇంట్లో పెట్టి వచ్చాను."

"మీ ముక్కును ఇంట్ల పెట్టింది నేనే అయ్యగారూ, అగరుబత్తితోని."

ఆయన నవ్వబోయి నవ్వలేదు. "ఇంకెప్పుడూ అలా చేయకండి."

"చెయ్య."

"నేను రేపట్నుంచి ఆరున్నరకు వస్తాను."

అన్నట్టే వచ్చాడు, మర్నాడు, ఆ తర్వాతా. నిద్ర కళ్లతో, తల దువ్వుకోకుండా వచ్చేవాడు. విశ్రాంతమ్మ కట్టు విప్పుతుంటే వంగి చూసేవాడు. తెర బయట నుంచి సీతారావమ్మ, "డాక్టరు బాబూ, పెళ్లి చేసుకో నాయనా, పొద్దున్నే లేపి తల దువ్వే దిక్కుంటుంది" అనేది.

జ్వరం మూడో రోజుకు దిగింది. కమ్లి మాత్రం విశ్రాంతమ్మతో మాట్లాడలేదు. మందు వల్ల నోరంతా ఇనుము నాకినట్టుందని అత్తతో చెప్పింది. అది విని సీతారావమ్మ తన నిమ్మకాయ పచ్చడి సీసాలోంచి ఒక బద్ద తీసి ఆకులో పెట్టి ఇచ్చింది. కమ్లి రూప్లాతో మాట్లాడింది, డాక్టరుతో రెండు మాటలు మాట్లాడింది. విశ్రాంతమ్మ కట్టు విప్పేటప్పుడు మాత్రం గోడను చూసేది. విశ్రాంతమ్మ కూర గురించి అడగడం మానలేదు. జవాబు కోసం ఆగేది కాదు, అంతే. "నేనైతే చింతచిగురు వేసి పప్పు వండుకుంట," అని తనే చెప్పుకునేది, గుడ్డ నానేదాకా.

ప్రార్థనలో ఆమె తన తప్పు ఒప్పుకుంది. క్షమాపణ దొరికిందనే నమ్మకం కూడా కలిగింది. అయినా నాలుగో మంచం దగ్గర నుంచి రావలసిన క్షమాపణ వేరే అని తెలిసి, దాన్ని అడక్కుండా ఊరుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున కట్టు విప్పుతుంటే గోడవైపు నుంచి గొంతు వినిపించింది.

"ఇయ్యాల వాసన ఉన్నదా?"

విశ్రాంతమ్మ చేయి ఆగింది. "లేదు బిడ్డా."

"మాట చెప్పకు. నీ మాట మీద నాకు నమ్మకం లేదు. నీ ముక్కు ఏమంటుందో చెప్పు."

విశ్రాంతమ్మ పుండు దగ్గరికి వంగి, నిజంగానే, మొదటిసారి చూస్తున్నట్టు వాసన చూసింది. "సబ్బు అంటున్నది. మీ అత్త నూనె అంటున్నది. సీతారావమ్మగారి పచ్చడి అంటున్నది."

కమ్లి గోడను చూస్తూనే పొట్ట పట్టుకొని నవ్వింది. కుట్లు లాగుతాయని విశ్రాంతమ్మ అరచేత్తో అదిమి పట్టింది. నవ్వు ఆగాక కమ్లి ఆ చేయిని తోసేయలేదు.

"కందికాయ," అంది.

"ఏంది?"

"ఇంటికి పోయినంక. పచ్చి కందికాయలు ఉడకబెట్టుకొని తింట. ఇప్పుడు కాయలు రాలే. కాసినంక."

కందికాయలు వచ్చింది డిసెంబరు రెండో వారంలో. కమ్లి, రూప్లా చూపించుకోవడానికి వచ్చారు. చంకలో పిల్ల. ఆ పిల్ల చేతిలో కూడా ఒక కాయ. కమ్లి ఒళ్లు నిండింది. చిన్న సంచి నిండా పచ్చి కాయలు తెచ్చి, విశ్రాంతమ్మ వద్దంటున్నా ఆమె కొంగులో పోసింది. డాక్టరు పుండు మచ్చ నొక్కి చూసి, "ఇక నా దగ్గరికి రావద్దమ్మా, నీకు నాతో పనిలేదు" అన్నాడు. పదకొండు గంటల బస్సుకు ఇంకా అరగంట ఉంది.

గేటు దాకా సాగనంపడానికి బయలుదేరిన విశ్రాంతమ్మ మెట్ల దగ్గర ఆగింది.

"కమ్లీ, నాకొక పని చేసిపెడతవా?"

"చెప్పు యాడీ."

"ఏడో మంచం మీద ఒక పిల్ల ఉన్నది. మీవాళ్లే. ఎక్కడో లోపలి తండా. కాన్పు ఇంట్లనే అయింది, పది రోజులైంది, జ్వరం. తెలుగు రాదు. రోజు తెల్లారక ముందే లేచి నల్ల కాడికి పోయి సబ్బుతోని కడుక్కొని వస్తున్నది. డాక్టరు గారు వచ్చేటాలకు వాళ్లమ్మ మంచం చుట్టు పొగ వేస్తది. నేను పొగ ఆర్పితే ఇద్దరు ఏడుస్తరు. సైగలతోని నేను చెప్పేది వాళ్లకు తిట్టినట్టు వినపడుతున్నది." ఆమె కొంగులోని కాయలు సర్దుకుంది. "పదకొండు బస్సు పోతే పోనీ, మూడింటికి ఇంకోటి ఉన్నది. మీ పిల్లను నాకియ్యి, నేను ఎత్తుకుంట. నువ్వు పోయి ఆమె పక్కన కూసోని, మీ భాషల, డాక్టరు చూసేదాక కడుక్కోకమ్మా అని చెప్పు. ఎందుకు కడుక్కోవద్దో నీకు జరిగింది చెప్పు. నేను చేసింది సుత చెప్పు, దాచకు."